మంచు దారికి మధ్యతరగతి బండి

జపాన్ ప్రధాన ద్వీపానికి ఉత్తరపు కొసన తోహోకు అనే ప్రాంతం ఉంది. సైబీరియా నుంచి వీచే చలిగాలి సముద్రం మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి, అక్కడి కొండలకు తగిలి మంచుగా కుమ్మరిస్తుంది. కొన్ని ఊళ్లలో అది మనిషి ఎత్తు దాటి పేరుకుంటుంది. అలాంటి చోట కరెంటు తీగ తెగితే లైన్‌మన్ పోక తప్పదు. 1960ల చివరి దాకా తోహోకు ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ లైన్‌మెన్‌కు దిక్కు జీపే. మంచులో జీపు పోతుంది, అనుమానం లేదు. కానీ లోపల కూర్చున్నవాడికి చలి ఆగదు, రోజంతా తిరిగితే నడుము నిలవదు, పెట్రోలు కూడా బాగా తాగుతుంది. మామూలు కారులా హాయిగా ఉండాలి, జీపులా మంచులో పోవాలి, ఏడాది పొడవునా పనికి రావాలి. కంపెనీ అడిగింది ఇంతే.

ఈ కోరిక మియాగి జిల్లాలోని సుబారు డీలరు దగ్గరికి వెళ్లింది. అక్కడి మెకానిక్‌లు ముందు చక్రాలతో నడిచే సుబారు 1300 వ్యాన్‌ను తీసుకుని, దాని వెనక భాగానికి నిస్సాన్ బ్లూబర్డ్ కారు డిఫరెన్షియల్‌ను, అంటే ఇరుసుకు రెండు వైపులా చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికను, బిగించారు. పోటీ కంపెనీ సామాను తెచ్చి బిగించిన ఈ బండి మంచులో చక్కగా నడిచింది. సుబారు మాతృసంస్థ ఫుజీ హెవీ ఇండస్ట్రీస్ పనిని తన చేతుల్లోకి తీసుకుని, 1971లో అలాంటివి కొద్ది బండ్లు తయారుచేసి టోక్యో మోటార్ షోలో చూపించింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో లియోన్ ఎస్టేట్ వ్యాన్ ఫోర్ వీల్ డ్రైవ్‌తో మార్కెట్లోకి వచ్చింది.

సుబారుకు ఇది సాధ్యపడటానికి ఇంజన్ అమరికే కారణం. ఆ ఇంజన్ బానెట్ కింద అడ్డంగా కాక కారు పొడవు వెంట కూర్చుంటుంది. దాని వెనకే గేర్‌బాక్సు ఉంటుంది. గేర్‌బాక్సు చివరి నుంచి వెనక చక్రాల దాకా ఒక షాఫ్టు పొడిగిస్తే పని దాదాపు అయిపోయినట్టే. ఫుజీ హెవీ అంతకుముందు నకజిమా అనే విమానాల కంపెనీ. యుద్ధం ముగిశాక విమానాలు చేసే వీల్లేక స్కూటర్లు, బస్సులు, కార్ల వైపు మళ్లింది. బరువు, సమతూకం లెక్కలు వాళ్ల ఇంజనీర్లకు కొత్త కాదు.

నాలుగు చక్రాలూ లాగే బండి అంతకుముందు లేక కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ సోదరులు 1903లోనే అలాంటి రేసు కారు చేశారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, క్లింటన్‌విల్ అనే చిన్న ఊరికి చెందిన ఒట్టో జకౌ, అతని బావమరిది విలియం బెసర్డిక్ కలిసి తమ షెడ్డులో ఇంకొకటి తయారుచేశారు. వాళ్లు పెట్టిన కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యాలకు లారీలు అందించింది. రెండో యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ షోలో లాండ్ రోవర్ వచ్చింది. బ్రిటన్‌లో అప్పుడు ఉక్కుకు రేషన్ కాబట్టి దాని బాడీకి అల్యూమినియం రేకు వాడారు. ఆ రేకుకు తుప్పు పట్టదు కనుక అవి ఇన్నాళ్లు బతికాయి.

మరి ఇవి ఉండగా లైన్‌మన్‌కు, పల్లె డాక్టరుకు, టీచరుకు వేరే కారు ఎందుకు కావాల్సి వచ్చింది? అసలు చిక్కు మలుపు దగ్గర ఉంది. కారు మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం పోతాయి. జీపులో నాలుగు చక్రాల లివర్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలని బిగుసుకుంటాయి. మంచు మీదో బురద మీదో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు. అప్పుడు షాఫ్టులు తడిబట్టను పిండినట్టు మెలితిరుగుతాయి, గేర్లు అరుగుతాయి, స్టీరింగ్ తిరగనని మొండికేస్తుంది. మంచు దేశాల్లో రోడ్డు ఒకే తీరుగా ఉండదు. ఒక ఫర్లాంగు మంచు, తరువాతిది తారు, వంతెన మీద గాజులాంటి గడ్డ. ప్రతిసారీ లివర్ లాగుతూ తీస్తూ ఉండటం మామూలు డ్రైవరుకు అయ్యే పని కాదు.

దీనికి జవాబు రెండు ఇరుసుల మధ్య మరో డిఫరెన్షియల్ పెట్టడం. ట్రాక్టర్లతో పేరు పొందిన హ్యారీ ఫెర్గూసన్ చివరి ఏళ్లలో పట్టుబట్టి నడిపించిన పరిశోధన ఇదే. ఆయన పోయాక, 1966లో జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ కారులో అది జనం ముందుకు వచ్చింది. అద్భుతమైన కారు. ధర మాత్రం ఆకాశంలో. అమ్ముడైనవి 320. మంచులో బతికే మామూలు జనానికి అది అందని పండుగానే మిగిలింది.

వాళ్లకు అందే బండి ఎక్కువగా పాత సామాను నుంచే వచ్చింది. యుద్ధం ముగిశాక అమ్మేసిన జీపులు, టీ తోటల దొరలు వదిలిపోయిన లాండ్ రోవర్లు పల్లెలకు చేరాయి. మన దేశంలో దీనికి ఇంకా కళ్లెదుట ఉన్న సాక్ష్యం డార్జిలింగ్ దగ్గరి మానేభంజాంగ్. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫు శిఖరానికి యాత్రికులను, బియ్యం బస్తాలను, గ్యాస్ బండలను మోసింది 1950ల నాటి లాండ్ రోవర్లే. తరం మారితే తండ్రి బండి కొడుకు నడిపాడు. ఇంజన్ పోతే వేరే ఇంజన్ ఎక్కించారు, దొరకని భాగాన్ని స్థానిక మెకానిక్ సుత్తితో చేసుకున్నాడు. సెకండ్ హ్యాండ్ బండిని నమ్ముకుని ఒక ఊరు ఊరంతా బతకొచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

1970ల రెండో సగం నుంచి దృశ్యం వేగంగా మారింది. సోవియట్ ప్రధాని కొసిగిన్ పల్లెల కోసం ఒక కారు చేయమని 1970లో వోల్గా కార్ల కర్మాగారాన్ని అడిగారు. ప్యోత్ర్ ప్రూసోవ్ నాయకత్వంలో రూపొందిన నీవా 1977 ఏప్రిల్‌లో తొల్యాత్తి నగరంలో ఉత్పత్తికి వచ్చింది. చూడటానికి పొట్టి కారు. లోపల డ్రైవరు పక్కన మూడు లివర్లు: ఒకటి గేరుకు, ఒకటి ఏటవాలులో బలం పెంచడానికి, మూడోది మధ్య డిఫరెన్షియల్‌ను బిగించడానికి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందుతుంది. జీపులా పట్టీ స్ప్రింగుల మీద కాక కాయిల్ స్ప్రింగుల మీద నడిచేది. అదే కర్మాగారం చేసే మామూలు కారు జిగులీ విడిభాగాలు చాలావరకు దీనికి సరిపోయేవి, అందుకే ఏ పల్లెలోనైనా బాగయ్యేది. జెన్సన్ చేసిన పనిని రైతు కొనగలిగే ధరలో చేసి చూపిన ఘనత నీవాకు దక్కాలి. కెనడా, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో కూడా తక్కువ డబ్బుతో మంచు దారికి బండి కావాలనుకున్నవాళ్లు దాన్నే కొన్నారు.

అమెరికాలో ఆ పని ఏఎంసీ కంపెనీ చేసింది. జీపు కంపెనీని అంతకుముందే కొనేసిన ఏఎంసీ, తన కాంకర్డ్ కారును సుమారు 3 అంగుళాలు పైకి లేపి 1980 మోడల్‌గా ఈగిల్‌ను తెచ్చింది. ఇంజనీరు రాయ్ లన్. ముందు, వెనక ఇరుసుల మధ్య సిలికాన్ ద్రవం నింపిన ఒక డబ్బా పెట్టారు. ఒక వైపు చక్రాలు జారి వేగంగా తిరిగితే లోపలి రేకులు ద్రవాన్ని చిలుకుతాయి, అది వేడెక్కి బిగుస్తుంది, శక్తి రెండో వైపుకు పోతుంది. డ్రైవరు ఏ లివరూ ముట్టుకోనక్కరలేదు. దీని వెనక ఉన్నది కూడా ఫెర్గూసన్ బృందం పనే. 1988 మోడల్ దాకా దాదాపు 2 లక్షల ఈగిల్ కార్లు వచ్చాయి.

అదే 1980 మార్చిలో జెనీవాలో ఆడి క్వాట్రో కనిపించింది. దాని కథ ఫిన్లాండ్ మంచులో మొదలైంది. 1977 చలికాలంలో అక్కడ పరీక్షలు చేస్తున్న ఆడి ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్, 75 హార్స్‌పవర్ మాత్రమే ఉన్నా నాలుగు చక్రాలూ లాగే ఇల్టిస్ అనే సైనిక వాహనం తమ బలమైన కార్లను వెనక్కి నెట్టడం చూశాడు. ర్యాలీలలో క్వాట్రో సాధించిన పేరు అందరికీ తెలిసిందే. 1981లో శాన్ రెమో ర్యాలీ గెలిచి, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ నెగ్గిన తొలి మహిళగా మిషెల్ మూటన్ నిలిచింది ఈ కారుతోనే. కానీ పాలవాడికి, పోస్ట్‌మన్‌కు క్వాట్రో అందలేదు.

వాళ్లకు అందింది ఫియట్ పాండా. 1983 జూన్‌లో వచ్చిన ఈ పాండా ఫోర్ బై ఫోర్ ఇంజన్ 965 సీసీ, బలం 48 హార్స్‌పవర్, బండి బరువు 740 కిలోలు. ఇంజన్ అడ్డంగా ఉన్న చిన్న కారులో వెనక చక్రాలకు శక్తి పంపడం అప్పటికి ఎవరూ మార్కెట్లోకి తేని విద్య. ఆ సామానంతా ఆస్ట్రియాలోని స్టైర్ పూఖ్ కంపెనీ చేసి ఇచ్చింది. గేరు కర్ర వెనక ఒక చిన్న లివర్ ఉంటుంది. మంచు రాగానే దాన్ని లాగాలి, రోడ్డు ఎండగానే దించాలి. మొదటి గేరు మరీ పొట్టిది, వేగం కోసం కాదు, నిలువు ఎత్తులో పాల క్యాన్లతో కదలడానికి. సన్నటి టైర్లు మంచును కోసుకుంటూ కిందికి దిగి నేలను పట్టుకుంటాయి. బరువు తక్కువ కాబట్టి ఇరుక్కున్నా నలుగురు చేతులేస్తే బయటికి వస్తుంది. ఆల్ప్స్ కొండల్లోని ఇటలీ, స్విట్జర్లాండ్ పల్లెల్లో ఆ పాత పాండాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మంచు దారికి చవకైన బండి అంటే ఏమిటో దీనికన్నా సూటిగా చెప్పిన కారు మరొకటి లేదు.

అమెరికాలో సుబారు కథ వేరుగా నడిచింది. మాల్కం బ్రిక్లిన్, హార్వీ లామ్ 1968లో అక్కడ సుబారు అమ్మకాలు మొదలుపెట్టారు. మొదట తెచ్చిన చిట్టి 360 కారు చేదు అనుభవం మిగిల్చింది. 1975 మోడల్‌గా ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్ వచ్చాక వెర్మాంట్, కొలరాడో వంటి మంచు రాష్ట్రాలు దాన్ని దత్తత తీసుకున్నాయి. అమెరికా స్కీ జట్టుకు అది అధికారిక కారయింది. 1990లలో అమ్మకాలు పడిపోయినప్పుడు కంపెనీ తన కార్లు కొంటున్నదెవరో ఆరా తీసింది. టీచర్లు, ఆసుపత్రి ఉద్యోగులు, కంప్యూటర్ ఇంజనీర్లు, కొండలెక్కేవాళ్లు, లెస్బియన్ మహిళలు అని తేలింది. ఇక వాళ్లనే నమ్ముకుంది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి సుబారుకూ నాలుగు చక్రాల లాగుడు తప్పనిసరి చేసింది. తెల్లారుజామున డ్యూటీకి పోయే నర్సు వద్ద పదేళ్లు తిరిగిన అలాంటి కారే ఆ తరువాత ఒక విద్యార్థికి తొలి కారయింది.

కారుకు ఈ బలం వచ్చిన కాలంలోనే దానికి శత్రువు కూడా తయారైంది. ఆ శత్రువు ఉప్పు. 1941-42 చలికాలంలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం రోడ్ల మీద మంచు కరిగించడానికి ఉప్పు చల్లడాన్ని విధానంగా పెట్టుకుంది. ఆ ఏడాది అమెరికా మొత్తం మీద చల్లినది సుమారు 5 వేల టన్నులు. ఇప్పుడు ఏటా కోటి టన్నులు దాటుతుంది. ఉప్పునీరు కారు అడుగున చేరి, మడతల్లో నిలిచి, లోపలి నుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కింద బ్రేకు పైపులు, సస్పెన్షన్ తగిలించే చట్రం, పెట్రోలు ట్యాంకు పట్టీలు పొరలు పొరలుగా రాలిపోతుంటాయి. మంచు రాష్ట్రాల పాత కార్లలో ఎన్నో ఇంజన్ బాగుండగానే తుక్కు దుకాణానికి చేరడం ఇందుకే.

జపాన్ నుంచి బయలుదేరిన పాత కార్లకు ఇంకో చరిత్ర ఉంది. అక్కడ కారు పాతబడే కొద్దీ తనిఖీలు, పన్నులు మోయలేని బరువవుతాయి. బాగా నడిచే బండిని కూడా యజమాని వదిలించుకుంటాడు. సముద్రం అవతల రష్యా నగరం వ్లాదివోస్తోక్ ఉంది. 1992 దాకా ఆ నగరంలోకి విదేశీయులకు ప్రవేశం లేదు. తలుపులు తెరుచుకోగానే నావికులు ఓడ డెక్కు మీద కట్టి మరీ టయోటా, నిస్సాన్, సుబారు కార్లు తెచ్చారు. కొండ మీద జిల్యోనీ ఊగల్ అనే పాత కార్ల సంత వెలసింది. రష్యాలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి, ఈ కార్లకు స్టీరింగ్ కూడా కుడి పక్కనే. ముందు బండిని దాటాలంటే పక్క సీటులోని మనిషిని అడగాలి. అయినా కొన్నారు, ఎందుకంటే తోహోకు, హొక్కైడో వంటి చలి ప్రాంతాల కోసం చేసిన కార్లలో పెద్ద బ్యాటరీ, గట్టి హీటరు, బలమైన వైపర్ మోటారు ఉంటాయి. 2008 డిసెంబరులో మాస్కో దిగుమతి సుంకం పెంచబోతే నగరం వీధుల్లోకి వచ్చింది. ప్రదర్శనను చెదరగొట్టడానికి పోలీసు దళాన్ని మాస్కో నుంచి విమానంలో దించాల్సి వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు కోసం ఒక నగరం ఇంత దూరం పోయిందంటే అది వాళ్లకు సరదా వస్తువు కాదు, బతుకుతెరువు.

మన దేశంలో ఈ చోటు జిప్సీది. సుజుకి 1970లో చిన్న జిమ్నీతో మొదలుపెట్టిన వరుసలోని బండిని మారుతి 1985 డిసెంబరులో జిప్సీగా తెచ్చింది. ఇంజన్ 970 సీసీ, తరువాత 1.3 లీటర్లు. ముందూ వెనకా పట్టీ స్ప్రింగులు, లాగే లివర్, తేలికైన ఒళ్లు. సైన్యం 35 వేలకు పైగా కొనుక్కుంది. 2019లో మామూలు కొనుగోలుదార్లకు అమ్మకం ఆగిపోయాక సైన్యం వేలంలో వదిలే పాత జిప్సీలకు హిమాచల్, ఉత్తరాఖండ్, కశ్మీర్‌లలో గిరాకీ పెరిగింది. డిసెంబరులో హైదరాబాద్, విజయవాడల నుంచి మనాలి వెళ్లే కుటుంబాలకు దీని రుచి తెలుసు. మంచు పడ్డ రోజు అటల్ సొరంగం వైపు పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లనే వదులుతారు. తాము తెచ్చుకున్న కారు ఆపేసి స్థానికుడి బండి ఎక్కాల్సిందే.

నాలుగు చక్రాల చుట్టూ అల్లుకున్న ఒక అపోహను ఈ చరిత్ర పక్కనే ఉన్న మరో చరిత్ర సరిచేస్తుంది. ఫిన్లాండ్‌లో నోకియా అనే ఊరి రబ్బరు కర్మాగారం 1934లో లారీల కోసం మంచు టైరు చేసింది. రెండేళ్లకు కార్ల టైరు వచ్చింది. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే గట్టిపడి పట్టు వదులుతుంది. మంచు టైరు రబ్బరు మెత్తగా ఉంటుంది, దాని మీది సన్నటి చీలికలు మంచును కరిచి పట్టుకుంటాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందడం బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి ఉపయోగం. ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపేది టైరు పట్టు. మంచు టైర్లున్న మామూలు కారు, అరిగిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ కన్నా ముందే ఆగుతుంది. స్వీడన్ 1999లో, కెనడాలోని క్వెబెక్ 2008లో మంచు టైర్లను చట్టం చేశాయి. నాలుగు చక్రాల లాగుడును చట్టం చేయలేదు.

అమెరికాలో బఫలో, డెట్రాయిట్, మినియాపోలిస్ వంటి చోట్లకు చదువుకో, ఉద్యోగానికో వెళ్లి తొలి పాత కారు కొనబోయే తెలుగు పిల్లలకు ఈ చరిత్ర నేరుగా పనికొస్తుంది. బండి పేరుకన్నా ముందు దాని అడుగు చూడాలి. లిఫ్టు మీద ఎక్కించి స్క్రూడ్రైవరు పిడితో చట్రం మీద కొట్టండి. గట్టి చప్పుడు వస్తే సరే, బోలుగా పలికితే వదిలేయండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే దాని కింద ఏముందో అడగండి. నాలుగు టైర్లూ ఒకే రకానివి, ఒకేలా అరిగినవి కావాలి. వాటి చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం మించకూడదని సుబారు చెబుతుంది, మించితే మధ్యలోని క్లచ్చు రేకులు పాడవుతాయి. బండి వేడెక్కాక ఎండిన పార్కింగ్ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. కుదుపుగా, బిగుసుకున్నట్టు పోతే ఆ క్లచ్చుల పని పట్టాల్సిన రోజు వచ్చినట్టే. లివర్‌తో నడిచే పాత జీపు రకాలకు ఈ పరీక్ష తారు మీద చేయొద్దు, కంకర మీద చేయండి. 1990ల చివరి, 2000ల తొలి నాటి సుబారు 2.5 లీటర్ల ఇంజన్లలో హెడ్ గాస్కెట్ కారడం మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతి. ఆ పని, టైమింగ్ బెల్టు మార్పిడి అయినట్టు రసీదులు ఉన్నాయో లేదో చూడండి. చేతిలో ఉన్నదంతా బండికే పెట్టకండి, నాలుగు మంచు టైర్లకు, కొనేముందు చూసి చెప్పే మెకానిక్ ఫీజుకు డబ్బు విడిగా తీసిపెట్టుకోండి. బేరం అక్టోబరు లోపే ముగించండి. తొలి మంచు పడిన వారం టైర్ల దుకాణాల ముందు ఊరంతా వరుస కడుతుంది.